ముషీరాబాద్‌లో మా సర్కారు బడి

మా బడిలో ప్రతిజ్ఞ ఒకరోజు తెలుగులో చదివితే మర్నాడు ఉర్దూలో చదివేవాళ్లం. తెలుగు రోజున తెలుగు మీడియం వాళ్లలో ఒకరు ముందుకొచ్చి చెయ్యి చాచి మొదలుపెట్టేవాళ్లు, ఉర్దూ రోజున ఉర్దూ మీడియం వాళ్లు. మిగతా బడంతా వెనకాల అందుకునేది. ఆరో తరగతిలో చేరిన కొత్తలో ఉర్దూ రోజున నేను పెదాలు మాత్రం కదిపేదాన్ని. దసరా సెలవులొచ్చేసరికి రెండూ నోటికొచ్చేశాయి. ఆ ప్రతిజ్ఞ అసలు తెలుగులోనే పుట్టిందనీ, 1962లో దాన్ని రాసిన పైడిమర్రి వెంకటసుబ్బారావు గారిది మన నల్లగొండ పక్కన అన్నెపర్తి అనీ చాలా ఏళ్లకు గానీ నాకు తెలియలేదు. విశాఖపట్నంలో ట్రెజరీ ఆఫీసరుగా పనిచేస్తున్నప్పుడు రాశారట. ఈ సంగతి తెలిసిన రోజు మా తెలుగు సారుకి చెప్పాలని ఎంతగానో అనిపించింది. ఆయన అప్పటికే కాలం చేశారు.

నేను 1986 జూన్‌లో ఆ బడిలో చేరాను, 1991లో పదో తరగతి రాసి బయటికొచ్చాను. మా నాయిన డీబీఆర్ మిల్లులో షిఫ్టు కార్మికుడు. పూర్తి పేరు దివాన్ బహద్దూర్ రాంగోపాల్ మిల్లు, కానీ కవాడిగూడలో ఎవరి నోట విన్నా డీబీఆరే. మా క్లాసులో సగం మంది మిల్లు పిల్లలు. మిగతా వాళ్లలో ఆజమాబాద్ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ల పిల్లలు, భోలక్‌పూర్‌లో తోళ్ల పని, తుక్కు ఇనుము పని చేసేవాళ్ల పిల్లలు, రామ్‌నగర్‌లో చేపలమ్మే వాళ్ల పిల్లలు, రిక్షా తొక్కేవాళ్ల పిల్లలు ఉండేవాళ్లు. పాలమూరు నుంచో మెదక్ నుంచో కరువుకి వలసొచ్చి ఇక్కడే నిలబడిపోయిన ఇండ్లు చాలా. సికింద్రాబాద్ వైపు నుంచి వచ్చేవాళ్లు ముషీరాబాద్ జైలు గోడ పక్క నుంచి నడిచి వచ్చేవాళ్లు. ఆ జైలు స్థలంలోనే ఇప్పుడు గాంధీ ఆస్పత్రి ఉంది.

బడి ఒక పాత హవేలీ. సర్కారు కిరాయికి తీసుకున్నది. డంగుసున్నం గోడలు, ఎత్తు కమాన్లు, నడుమ ఖాళీ జాగా, అందులో ఒక వేపచెట్టు. గంట అంటే రైలు పట్టా ముక్క. దాన్ని చెట్టుకు వేలాడదీసి చప్రాసి తాత ఇనుప కడ్డీతో కొట్టేవాడు. ఇంటి గంట కొట్టేటప్పుడు మాత్రం రెండు దెబ్బలు ఎక్కువ కొట్టేవాడని మా అందరి నమ్మకం.

గదులు చాలవు. అందుకని పెద్ద దాలాన్‌ను, అంటే హాలును, చెక్కల పార్టిషన్ పెట్టి రెండు చేశారు. ఇటు తెలుగు మీడియం, అటు ఉర్దూ మీడియం. ఆ చెక్కలు కప్పు దాకా ఉండేవి కావు, మనిషెత్తు కంటే కొంచెం ఎక్కువ అంతే. ఇటు మా సోషల్ టీచరు కాకతీయుల గొలుసు చెరువుల గురించి చెబుతుంటే అటునుంచి ముసల్లస్, జావియా, దాయిరా అని లెక్కల మాటలు గోడ దాటి వచ్చేవి. ఇద్దరు టీచర్లూ ఒకేసారి పాఠం చెబితే ఎవరికీ ఏమీ వినపడదు. అందుకని వాళ్లలో వాళ్లకో ఒప్పందం ఉండేది. ఇటు పాఠం సాగుతుంటే అటు పిల్లలతో రాతపని చేయించేవాళ్లు, అటు చెప్పే వంతు వచ్చినప్పుడు మేం తలలు దించుకుని నోట్సు రాసుకునేవాళ్లం. ఈ ఒప్పందం ఏ టైంటేబుల్లోనూ లేదు, పెద్దసారు వేసింది కాదు. నేనిప్పటికీ దాన్ని గొప్ప విషయంగానే అనుకుంటాను.

ఆ ఉర్దూ లెక్కల మాటలకి ఈ ఊళ్లోనే పెద్ద చరిత్ర ఉంది. 1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీలో, తర్వాత వచ్చిన వైద్యం, ఇంజనీరింగుతో సహా చదువంతా ఉర్దూలోనే. పుస్తకాలు లేకపోతే ఎట్లా అని ముందే దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ పెట్టి, వందల పుస్తకాలు తర్జుమా చేయించి, శాస్త్రపు మాటలు తయారు చేయించారు. ఇంత పెద్ద పని ఫలితం మా దాలాన్‌లో చెక్కల మీద నుంచి దూకి మా చెవిన పడుతోందని అప్పుడు మాకేం తెలుసు.

నా దోస్త్ ఆ చెక్కలకి అవతలి పిల్ల. ఇంటర్వెల్‌లో నల్లా దగ్గర నీళ్లు తాగే వరసలో పరిచయం. వాళ్లకి తెలుగు రెండో భాష. ఏడో తరగతి పరీక్షలు దగ్గరికొచ్చేసరికి ఆమెకి ఒత్తులంటే ఏడుపొచ్చేది. "అరే, ఒక అక్షరం కింద ఇంకో అక్షరం కైకు?" అని నన్ను నిలదీసేది, అవన్నీ నేనే పెట్టినట్టు. సరే, నేను నీకు ఒత్తులు నేర్పుతా, నువ్వు నాకు అలిఫ్ బే నేర్పు అని మాట్లాడుకున్నాం.

మెట్ల మీద కూర్చుని నేలమీద సుద్దముక్కతో రాసేవాళ్లం. బే అక్షరం ఒంటరిగా ఉంటే గిన్నెలా పడుకుని ఉంటుంది, కింద ఒక చుక్క. పక్క అక్షరంతో కలిసిందంటే గిన్నె మాయమై చిన్న పన్ను లాంటి గీత మిగులుతుంది, చుక్క మాత్రం పోదు. ఇది నాకు తలకెక్కడానికి చాలా రోజులు పట్టింది. నా చెయ్యి పట్టుకుని కుడి నుంచి ఎడమకి లాక్కుపోయేది. "చుక్కను చూడు, అక్షరం రూపం మారినా చుక్కే చెప్తది ఎవరో" అనేది. నేను మొదటిసారి సొంతంగా చదివిన మాట దవాఖానా. బస్సులో అమ్మ పక్కన కూర్చుని రోడ్డు పక్క బోర్డు మీద చూసి గట్టిగా చదివేశాను. బస్సులో ఒక పెద్దాయన నవ్వి "షాబాష్ బేటీ" అన్నాడు. ఆ తర్వాత నాకు ఊరంతా బోర్డులే. కాచిగూడ స్టేషన్ పేరు, దర్జీ దుకాణాలు, అత్తరు దుకాణాలు, ఇరానీ హోటల్ గోడలు. ఎన్నాళ్లుగానో కళ్ల ముందున్న ఊళ్లో సగం అప్పుడే కనబడడం మొదలైనట్టయింది.

తను నాకంటే తొందరగా నేర్చుకుంది. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి వాళ్ల అమ్మకి తెలుగు పేపరు చదివి వినిపించేది. ఖాలా, అంటే వాళ్ల అమ్మే, భోలక్‌పూర్‌లో ఇంట్లోనే సంచులు కుట్టేది. నేను వెళ్తే మిషన్ ఆపి, "ఖానా ఖాయే క్యా?", అన్నం తిన్నావా అని అడిగాకే ఇంకో మాట.

1986లోనే హుస్సేన్‌సాగర్ కట్ట, ట్యాంక్‌బండ్ మీద తెలుగువాళ్ల, హైదరాబాద్ వాళ్ల విగ్రహాలు పెట్టారు. కవాడిగూడ నుంచి నడిచిపోయేంత దూరం. ఒక శనివారం రెండు మీడియాల పిల్లల్నీ వరసకట్టించి తీసుకెళ్లారు. టికెట్టు లేదు, బస్సు కిరాయి లేదు, మా లాంటి బడికి అంతకంటే ఏం కావాలి. రామదాసు విగ్రహం దగ్గర తెలుగు సారు ఆగి కంచెర్ల గోపన్న కథ, గోల్కొండ చెరసాల కథ చెప్పారు. తానీషా విగ్రహం దగ్గర ఉర్దూ సారు అందుకుని, ఆ తానీషాని ఆఖరికి ఔరంగజేబు పట్టుకుని దౌలతాబాద్ కోటలో బంధించిన సంగతి చెప్పారు. రామదాసుని ఖైదు చేసిన రాజు తనూ ఖైదులోనే పోయాడని విని మా వరసంతా గుసగుసలు. మఖ్దూం మొహియుద్దీన్ దగ్గర మాత్రం ఇద్దరు సార్లూ పోటీ పడ్డారు. ఆయన కవి, సిటీ కాలేజీలో పాఠాలు చెప్పినవాడు, కార్మికుల నాయకుడు. మా నాయిన ఆయన పేరు ఇంట్లో ఎన్నోసార్లు ఎత్తేవాడు కాబట్టి ఆ రోజు నాకు తెలిసినవాళ్లను చూసినంత సంతోషమైంది.

హుస్సేన్‌సాగర్ పేరు వస్తే సైన్సు సారు గురించి చెప్పకుండా ఉండలేను. 1990 మార్చిలో బుద్ధుడి విగ్రహాన్ని సాగర్ మధ్యకి తీసుకెళ్తుంటే అది మోస్తున్న పడవ మునిగింది. రాయగిరిలో చెక్కిన ఏకశిల, 58 అడుగులు, వందల టన్నుల బరువు. మనుషులు కూడా చనిపోయారు. మా వాడకట్టులో వారమంతా అదే మాట. తలా ఒక కారణం చెప్పేవాళ్లు. శాపమనీ, ముహూర్తమనీ. మేం తొమ్మిదో తరగతి. సారు రాగానే పిల్లలు అదే అడిగారు.

సారు చప్రాసి తాతతో పెద్ద టబ్బులో నీళ్లు పెట్టించారు. ఉర్దూ మీడియం తొమ్మిదిని కూడా పిలిపించారు. అందరం వేపచెట్టు కింద చుట్టూ నిలబడ్డాం. సిల్వర్ పళ్లెం నీళ్లలో వదిలి, సగం ఇటుకను మధ్యలో పడుకోబెట్టారు. తేలింది. పళ్లెం అంచును వేలితో మెల్లగా నొక్కారు. ఊగి మళ్లీ సర్దుకుంది. అదే ఇటుకను నిలువుగా నిలబెట్టారు. అప్పుడూ తేలింది. అదే వేలితో అంతే నొక్కారు. ఇటుక పక్కకి ఒరిగి, అంచుకు జారి, పళ్లెంలోకి నీళ్లు దూకి క్షణంలో అంతా అడుక్కి పోయింది.

"ఇటుక అదే, పళ్లెం అదే, నీళ్లు అవే. ఏం మారింది?"

ఎవరూ మాట్లాడలేదు. ఉర్దూ మీడియం పిల్లవాడొకడు వెనకనుంచి "ఊంచాయీ, సార్" అన్నాడు. ఎత్తు.

సారు వాణ్ని ముందుకి పిలిచి భుజం తట్టారు. అప్పుడు గరిమనాభి, అంటే వస్తువు బరువంతా ఒక్కచోటే ఉన్నట్టు లెక్కించే బిందువు, పాఠం మొదలుపెట్టారు. పుస్తకంలో ఆ బొమ్మ ఎన్నిసార్లు చూసినా ఎక్కనిది ఆ రోజు ఎక్కింది. చివర్లో ఆయన అన్న మాట నాకు బాగా గుర్తుంది. "సాగర్‌లో ఏం జరిగిందో నాకు తెల్వదు. నేను అక్కడ లేను. మనుషులు పోయిండ్రు, ఊహించి చెప్పద్దు. పడవ ఎప్పుడు నిలబడతది, ఎప్పుడు ఒరుగుతది, అంతవరకే నేను చెప్పగలను." తెలిసినంత వరకే చెప్పి అక్కడ ఆగడం కూడా సైన్సేనని అట్లా నేర్పారాయన. 1992 డిసెంబరులో బుద్ధుణ్ని నీళ్లలోంచి తీసి సాగర్ మధ్యలో నిలబెట్టినప్పుడు నేను ఇంటర్ అయిపోయే దశలో ఉన్నాను. టబ్బూ పళ్లెమే గుర్తొచ్చాయి.

ఎనిమిది, తొమ్మిది ఎట్లాగో గడిచాయి. పదో తరగతి మాత్రం మర్చిపోయేది కాదు.

1990 డిసెంబరులో ఊళ్లో గొడవలయ్యాయి. ఎంతోమంది ప్రాణాలు పోయాయి. పాతబస్తీలో కర్ఫ్యూ. ఉర్దూ మీడియానికి లెక్కలు చెప్పే సారు శాలిబండ నుంచి బస్సులో వచ్చేవారు. బస్సుల్లేవు, మనుషులు గడప దాటే పరిస్థితి లేదు. ఇప్పటిలా ప్రతి చేతిలో ఫోన్ లేదు, ఆయన ఎట్లున్నారో బడిలో ఎవరికీ తెలియదు. మార్చిలో పబ్లిక్ పరీక్షలు. అవతల పదో తరగతి పిల్లలు లెక్కల పీరియడ్‌లో ఊరికే కూర్చుంటున్నారు. మా ఇండ్లలోనూ బయటికి వెళ్లొద్దనేవాళ్లు. అయినా బడికి వచ్చేవాళ్లం.

ఒకరోజు మా లెక్కల సారు పీరియడ్ మొదట్లోనే సుద్దముక్క బల్లమీద పెట్టి, "నలుగురు మగపిల్లలు లేవండ్రా, ఈ చెక్కలు తియ్యండి" అన్నారు. పార్టిషన్ విప్పి గోడకి ఆనించారు. రెండు క్లాసులు ఒక క్లాసయింది. మేమంతా జరిగి బెంచీకి అయిదుగురం, ఆరుగురం కూర్చున్నాం. నా దోస్త్ వచ్చి నా పక్కన ఇరికింది. సారు బోర్డు మీద వర్గ సమీకరణం రాశారు. ఎక్స్ ఎక్సే, అంకెలు అంకెలే, బోర్డు మీది లెక్కకి మీడియం ఏముంది. చెప్పడం మాత్రం సగం తెలుగు, సగం మన హైదరాబాద్ దక్కనీ. ఉర్దూ మాట కావలసొచ్చినప్పుడు ముందు బెంచీ పిల్లను అడిగి తెలుసుకుని, అది వాడి, ముందుకెళ్లేవారు. "సమజ్ మే ఆయా? నై ఆయే తో ఫిర్ సే బోలూంగా", అర్థమైందా, కాకపోతే మళ్లీ చెప్తా అని ప్రతి మెట్టు దగ్గర ఆగేవారు. దానివల్ల మాకు కూడా మంచే జరిగింది. మామూలుగా అయితే ఆయన అంత నెమ్మదిగా చెప్పే మనిషి కాదు.

ఎందుకిట్లా చేస్తున్నారని పెద్దసారు అడిగితే, సిలబస్ కావాలె, పిల్లలు ఫెయిల్ కావద్దు అన్నారట. అంతకు మించి ఏ మాటా ఆయన నోట మేం వినలేదు.

కర్ఫ్యూ సడలించాక శాలిబండ సారు వచ్చారు. బాగా చిక్కిపోయారు. గేటు దగ్గరే మా సారు ఎదురెళ్లి రెండు చేతులూ పట్టుకున్నారు. ఆ మధ్యాహ్నమే శాలిబండ సారు క్లాసుకొచ్చి, తీసి పెట్టిన చెక్కల్ని చూసి, మమ్మల్నందర్నీ చూసి, "ఐసే హీ రహనే దో" అన్నారు. ఇట్లాగే ఉండనియ్యండి అని. అప్పటి నుంచి ఆల్జీబ్రా మా సారు, రేఖాగణితం ఆయన. రెండు మీడియాలకీ కలిపి. త్రిభుజాన్ని ఆయన ముసల్లస్ అంటుంటే మాకు కొత్తేం లేదు, ఐదేళ్లుగా చెక్కల మీద నుంచి వింటున్న మాటే. పరీక్షలయ్యేదాకా ఆ పార్టిషన్ మళ్లీ పెట్టలేదు.

రిజల్టు అప్పట్లో పేపర్లో నంబర్లుగా వచ్చేది. ఫస్ట్ క్లాసు ఒకచోట, సెకండ్ క్లాసు ఒకచోట, థర్డ్ క్లాసు ఒకచోట, పేజీల నిండా చీమల బారులు. చౌరస్తాలో ఇరానీ హోటల్ ముందు ఇద్దరు లెక్కల సార్లూ ఒకే పేపరు బల్లమీద పరిచి, హాల్‌టికెట్ నంబర్ల చీటీ పక్కన పెట్టుకుని, పెన్సిలుతో గీతలు గీస్తూ కూర్చున్నారు. మేం చుట్టూ నిలబడ్డాం. నంబరు దొరికినప్పుడల్లా ఎవరో ఒకరు ఎగిరేవారు. దొరకని పిల్లలకి ఆ సాయంత్రమే సప్లిమెంటరీ ఫీజు ఎప్పుడు కట్టాలో, ట్యూషన్ ఎక్కడ కూర్చోవాలో చెప్పి పంపారు. డబ్బులు తీసుకోని ట్యూషన్, మా సారు ఇంటి ముందు చాప మీద.

నేను డిగ్రీ అయ్యాక ఒక వకీలు సాబ్ ఆఫీసులో చేరాను. ఇప్పటికీ ఆ పనిలోనే ఉన్నాను. భూముల కేసులు. హైదరాబాద్ స్టేట్ కాలంలో సర్కారు రాతకోతలు ఉర్దూలో నడిచాయి కాబట్టి పాత సేత్వార్‌లు, అంటే సర్వే చేసినప్పటి భూమి రిజిస్టర్లు, 1954-55 నాటి కస్రా పహాణీలు, అంటే ఏ భూమి ఎవరిదో ఎవరు సాగు చేస్తున్నారో రాసిన రికార్డులు, చాలావరకు ఉర్దూలోనే ఉంటాయి. అవీ షికస్తా చేతిరాతలో. తొందరగా రాసే గుమాస్తాల రాత అది, అక్షరాలు ఒకదాన్నొకటి మింగేస్తాయి, చుక్కలు చాలాచోట్ల ఉండవు. రంగారెడ్డి నుంచి, మెదక్ నుంచి రైతులు ప్లాస్టిక్ కవర్లో నకళ్లు పట్టుకుని వస్తారు. వాళ్లకి అందులో ఏముందో తెలియదు. ఎవరో చదివి చెప్పిందే నమ్మాలి, చదివేవాళ్లు అబద్ధం చెబితే ఎకరాలు పోతాయి. నేను భూతద్దం పెట్టుకుని మెల్లగా కూడబలుక్కుని సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు, తండ్రి పేరు చదివి వినిపిస్తాను. "ఇదిగో అన్నా, మీ తాత పేరు ఇక్కడుంది" అన్నప్పుడు వాళ్లు ఆ అక్షరాల మీద వేలు పెట్టి చూసుకుంటారు. నాకు ఈ విద్య ఏ కాలేజీ ఇవ్వలేదు. ముషీరాబాద్ సర్కారు బడి మెట్లమీద, భోలక్‌పూర్ పిల్ల ఇచ్చింది. ఫీజులు కట్టి ఒకే రకం పిల్లల మధ్య చదివి ఉంటే నాకిది ఎక్కడ దొరికేది?

బడి ఇప్పుడు ఆ హవేలీలో లేదు. పక్క వీధిలో స్లాబు బిల్డింగులోకి మారింది. 2008లో సక్సెస్ స్కూళ్ల పేరుతో సర్కారు హైస్కూళ్లలో ఇంగ్లీష్ మీడియం సెక్షన్లు మొదలయ్యాయి, 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడులన్నిటా ఒకటో తరగతి నుంచి ఇంగ్లీష్ మీడియం వచ్చింది. ఒక పేజీ ఇంగ్లీష్, ఎదుటి పేజీ తెలుగో ఉర్దూవో ఉండేట్టు పుస్తకాలు అచ్చేశారు. ఆ పుస్తకం చేతిలోకి తీసుకున్నప్పుడు నాకు నిజంగా సంతోషమేసింది. మా పిల్లలకి ఇంగ్లీష్ వద్దనే హక్కు నాకు లేదు, మిల్లు కార్మికుల పిల్లలం దాని కోసం ఎంత మొహం వాచామో మాకు తెలుసు. కానీ ఎదుటి పేజీని పిల్లలు చదివేట్టు చూడాలి. ఉర్దూ చదివే పిల్లలు తగ్గిపోతున్నారు, తెలుగు సరిగ్గా రాసే పిల్లలూ తగ్గిపోతున్నారు. పొద్దున ప్రార్థనలో ప్రతిజ్ఞ ఇప్పుడు ఇంగ్లీష్‌లోనే అవుతోందట. వారంలో ఒకరోజు తెలుగులో, ఒకరోజు ఉర్దూలో చదివించమని హెడ్మాస్టర్ మేడంని అడిగాం. ఆమె వెంటనే ఒప్పుకున్నారు. పిల్లలకి నేర్పే పని మీదే అన్నారు.

అందుకే ఇది రాస్తున్నాను. నా దోస్త్ ఇప్పుడు సర్కారు ప్రైమరీ స్కూల్లో టీచరు. జూన్‌లో బడిబాట మొదలవుతుంది కదా, తనూ నేనూ మేడంతో కలిసి భోలక్‌పూర్, కవాడిగూడ గల్లీల్లో ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని చేర్పించమని అడుగుతాం. తెలుగిళ్లలో తను మాట్లాడుతుంది, ఉర్దూ ఇళ్లలో నేను. మా బ్యాచ్ వాళ్లు గానీ, ముందువాళ్లు, వెనకవాళ్లు గానీ ఆ చుట్టుపక్కల ఉంటే పొద్దున ఎనిమిదింటికి బడి గేటు దగ్గరికి రండి. రాలేనివాళ్లు కనీసం మీ పనిమనిషి పిల్లలకి, మీ వాచ్‌మన్ పిల్లలకి ఈ బడి ఉందని చెప్పండి. అడ్మిషన్‌కి ఆధార్, పుట్టినతేదీ కాగితం చేతిలో లేవని వెనక్కి పోవద్దనండి, ముందు పిల్లల్ని తీసుకురమ్మనండి, కాగితాల సంగతి మేం చూసుకుంటాం.